వేలి లోపల వెలుగు నడక

పోయిన సంచికలో, వేలిలోకి వెలుగు పంపి నెత్తురులో ఆక్సిజన్ శాతం చెప్పే పల్స్ ఆక్సీమీటర్ ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులు. ఎవరికి వారు వేరే సంగతి అడిగామనుకుని ఉంటారు కానీ, అందరూ అడిగింది ఒకటే: వెలుగు మన ఒంట్లోకి దూరాక ఏమవుతుంది?

*మా బాబు తొమ్మిదో తరగతి. మొన్న కరెంటు పోయినప్పుడు సెల్‌ఫోన్ టార్చి మీద వేలు పెట్టి, “వేలంతా ఎర్రగా వెలుగుతోంది, మరి లోపల ఎముక కనబడదేం?” అని అడిగాడు. నాకు తెలియలేదు. – ఒక తల్లి, తణుకు*

బాబు అడిగింది చాలా మంచి ప్రశ్న అమ్మా. ముందు ఎరుపు సంగతి. టార్చి వెలుగు తెల్లగా ఉందంటే అందులో అన్ని రంగులూ ఉన్నట్టు. నెత్తురులోని హిమోగ్లోబిన్ నీలాన్నీ ఆకుపచ్చనీ ఇట్టే మింగేస్తుంది. ఎరుపు జోలికి పెద్దగా పోదు. అందుకని అవతలికి బయటపడేది ఎరుపే.

ఇక ఎముక. ఎక్స్‌రే ఒంట్లో దాదాపు తిన్నగా పోతుంది కాబట్టి ఎముక నీడ ఫిల్ము మీద చక్కగా పడుతుంది. మామూలు వెలుగుకి ఆ వీలు లేదు. కణాలూ, వాటి లోపలి భాగాలూ, కొల్లాజెన్ పోగులూ ఎక్కడికక్కడ దాన్ని పక్కకి తిప్పేస్తుంటాయి. చర్మంలో సగటున మిల్లీమీటరులో పదోవంతు దూరం పోయేసరికి ఒక మలుపు వస్తుంది. ఒక్కో మలుపూ చిన్నదే, పాతిక డిగ్రీలు అనుకోండి. కానీ అలాంటివి పది పన్నెండు తిరిగాక, అంటే ఒక మిల్లీమీటరు దాటేసరికి, తను ఎటు నుంచి వచ్చిందో ఆ వెలుగులో గుర్తే మిగలదు. వేలు మందం సెంటీమీటరు పైనే కదా, అవతలికి చేరేలోపు వందల మలుపులు తిరుగుతుంది.

చలికాలం తెల్లవారుజామున లంబసింగి వైపు వెళ్తుంటే పొగమంచులో ఎదురుగా లారీ వస్తుంది చూడండి. వెలుగు ముద్దలా కనిపిస్తుంది కానీ లారీ రూపు తెలియదు. దాని ముందు నుంచి మనిషి రోడ్డు దాటినా ఆనదు. ఎముక కనబడకపోవడం అచ్చం అదే. వెలుగు రాకపోవడం వల్ల కాదు, నానా దారులా తిరిగి వచ్చి కలిసిపోవడం వల్ల.

బాబు చేత ఇది చేయించండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, గ్లాసు వెనక పెన్సిలు నిలబెట్టి, దాని వెనక టార్చి వెలిగించమనండి. చెంచాతో పాలు కొద్దికొద్దిగా వేసి కలపాలి. నిన్న రాత్రి మా వంటింట్లో మళ్లీ చేసి చూశాను. మొదటి కొన్ని చుక్కలకి పెన్సిలు అంచులు చెదిరాయి. రెండో చెంచాకి పెన్సిలు మాయమైంది. గ్లాసు మాత్రం ఇంకా నిండుగా వెలుగుతూనే ఉంది! పాలు వెలుగుని మింగలేదు, చెదరగొట్టాయి, అంతే. ఈ తేడా బాబుకి ఒకసారి కంటికి కనబడితే పుస్తకంలో చదివినదానికన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

*ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. “శరీర కణజాలంలో కాంతి ప్రయాణం: మాంటే కార్లో సిమ్యులేషన్” అని ప్రాజెక్టు ఇచ్చారు. సూత్రాలుండగా పాచికలు వేసి లెక్క కట్టడమేమిటని రూమ్మేట్ నవ్వుతున్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది మేడమ్. ఎక్కడ మొదలుపెట్టాలి? – విద్యార్థి, హనుమకొండ*

మీ రూమ్మేట్ అన్నదాంట్లో సగం నిజముంది బాబూ. వెలుగు నడకకి సమీకరణం ఉన్నమాట వాస్తవం. నక్షత్రాల వాతావరణంలోంచి వెలుగు ఎలా బయటపడుతుందో ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1950లో ఒక పెద్ద గ్రంథమే రాశారు. ఆ సమీకరణమే మన వేలికీ పనికొస్తుంది. మలుపు ఏ కోణంలో ఉంటుందో చెప్పడానికి నువ్వు వాడబోయే హెన్యే–గ్రీన్‌స్టైన్ సూత్రం కూడా 1941లో నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము కోసం రాసిందే. చిక్కల్లా ఎక్కడంటే, ఆ సమీకరణం కాగితం మీద తేలేది సాదాసీదా ఆకారాలకే. వేలిలో చర్మం ఒక పొర, గోరు ఒక పొర, కొవ్వు, ఎముక, మధ్యలో వంకరటింకర రక్తనాళాలు. అక్కడ అది చేతులెత్తేస్తుంది.

అప్పుడు పాచికలు వేస్తాం. 1946లో గణిత శాస్త్రవేత్త స్టానిస్లా ఉలామ్ జబ్బుపడి కోలుకుంటూ, ఒక్కడే కూర్చుని పేకాడుతూ, ఈ ఆట గెలిచే అవకాశం ఎంతని లెక్క కట్టబోయాడు. లెక్క తెగలేదు. వంద ఆటలు ఆడి ఎన్ని గెలిచానో చూసుకుంటే పోదా అనిపించింది. అక్కడ పుట్టిందే మాంటే కార్లో పద్ధతి. దాన్ని 1983లో విల్సన్, ఆడమ్ అనే ఇద్దరు కణజాలంలో వెలుగుకి వర్తింపజేశారు. 1995లో వాంగ్, జాక్, జెంగ్ కలిసి ఎమ్‌సీఎమ్ఎల్ అనే ప్రోగ్రామ్ గురించి ప్రచురించారు. పొరలు పొరలుగా ఉన్న కణజాలానికి ఈ రంగంలో ఇప్పటికీ అందరూ పోల్చి చూసుకునేది దానితోనే. ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది.

కానీ దాన్ని ఇప్పుడే దించుకోకు. నా మాట విని, మొదటి వెలుగు రేణువుని, అంటే ఫోటాన్‌ని కాగితం మీద నీ చేత్తో నడిపించు.

ఒక సెంటీమీటరులో సగటున 100 ఢీలు జరుగుతాయనుకుందాం. అందులో 99 సార్లు వెలుగు పక్కకి తిరుగుతుంది, ఒకసారి కణజాలం మింగేస్తుంది. 0కీ 1కీ మధ్య ఒక రాండమ్ నంబర్ తీసుకో. దాని సహజ లాగరిథమ్ తీసి, మైనస్ గుర్తు మార్చి, 100తో భాగిస్తే ఫోటాన్ వేసే అడుగు సెంటీమీటర్లలో వస్తుంది. నంబర్ 0.37 పడితే అడుగు దాదాపు 0.1 మిల్లీమీటరు. 0.80 పడితే 0.022. 0.05 పడిందా, ఏకంగా 0.3 మిల్లీమీటరు దూకు. అడుగు వేశాక ఆగి, మరో రెండు నంబర్లు తీసి ఎటు తిరగాలో తేల్చుకుంటుంది. మళ్లీ అడుగు. మళ్లీ మలుపు.

మింగేసే పనికి ఒక ఉపాయం ఉంది. ఫోటాన్‌ని ఒక్కసారే చంపేయకుండా దానికి 1 అని బరువు ఇస్తాం. ఢీ జరిగినప్పుడల్లా నూటికి ఒక వంతు ఆ చోటుకి జమ చేస్తాం, మిగిలిన 99 వంతులతో అది ముందుకు పోతుంది. 69 ఢీలకి బరువు సగమవుతుంది. 900 పైన దాటాక పదివేలలో ఒక వంతుకి పడిపోతుంది. ఇక దాని వెంట తిరగడం టైమ్ దండగ. అలాగని ఊరికే తీసి పారేస్తే జమాఖర్చు తప్పుతుంది. కాబట్టి లాటరీ వేస్తాం. పదింట ఒకసారి బతికిస్తాం. బతికినదానికి బరువు పది రెట్లు చేస్తాం. ఇందులోని న్యాయం నాకు మొదటిసారి అర్థమైన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. ఒక్కో ఫోటాన్‌కి అన్యాయం జరిగినట్టే ఉంటుంది, మొత్తం మీద నయాపైసా తేడా రాదు.

ఎన్ని ఫోటాన్లు నడపాలంటావా? 10,000 నడిపితే అవతలికి 100 చేరాయనుకో. ఆ 100లో అటూ ఇటూ 10 తేడా ఉంటుంది, అంటే నూటికి పది. ఆ తేడా నూటికి ఒకటికి తగ్గాలంటే పది రెట్లు నడిపితే చాలదు, వంద రెట్లు నడపాలి. ఫాంగ్, బోయాస్ 2009లో ఈ లెక్కని గ్రాఫిక్స్ కార్డు మీదికి ఎక్కించింది ఇందుకే. ఒక ఫోటాన్‌కి ఇంకో ఫోటాన్‌తో పని లేదు, వేలకు వేలు ఒక్కసారే నడపొచ్చు.

ఒక జాగ్రత్త చెబుతాను, ఇది నేను అనుభవం మీద నేర్చుకున్నది. నేను మొదట ఈ లెక్క ఎక్సెల్‌లో వేశాను. సహజ లాగరిథమ్‌కి ఎల్ఎన్ అని కొట్టాల్సినచోట లాగ్ అని కొట్టాను. ఎక్సెల్‌లో అది పది ఆధారంగా వచ్చే లాగరిథమ్. ఎక్కడా ఎర్రర్ రాలేదు. వెనక్కి వచ్చిన వెలుగు, మింగిన వెలుగు, అవతలికి పోయిన వెలుగు కూడితే సరిగ్గా 1 వచ్చింది. మూడు వారాలు ఆ ఫలితాలనే నమ్మాను. చివరికి ఒకరోజు మధ్యాహ్నం అడుగుల సగటు తీసి చూస్తే 0.1 మిల్లీమీటరు రావాల్సింది 0.043 వచ్చింది. అప్పుడు గాని తప్పు దొరకలేదు. మొత్తం 1కి సరిపోయిందంటే లెక్క నిజమని కాదు, వెలుగు ఎక్కడా ఒలికిపోలేదని మాత్రమే. కాబట్టి అడుగుల సగటు మొదటి రోజే చూసుకో.

ఆ తర్వాత తెలిసిన జవాబుతో పోల్చుకో. 0.02 సెంటీమీటర్ల మందమున్న పలక. సెంటీమీటరుకి శోషణ (మింగే ఢీలు) 10, పరిక్షేపణ (పక్కకి తిప్పే ఢీలు) 90, మలుపు కోణపు కొసైన్ సగటు 0.75. పలకకీ బయటికీ వక్రీభవన గుణకంలో తేడా లేదు. దీనికి డచ్ ఖగోళ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ పట్టికల్లో ఉన్న జవాబు: వెనక్కి 0.097, అవతలికి 0.661. మూడో దశాంశం దాకా ఇది వస్తే నీ ప్రోగ్రామ్‌ని నమ్మొచ్చు. అప్పుడు ఎమ్‌సీఎమ్ఎల్ దించుకో. దాని లోపల ప్రతి వరసా నీకు ఎరిగున్న మనిషిలా పలుకుతుంది.

*సెమినార్‌లో ఒక డాక్టర్ గారు, నల్లగా ఉన్న పేషెంట్లకి ఆక్సీమీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు అన్నారు. మెషిన్ రెండు వెలుగుల నిష్పత్తి తీసుకుంటుంది కదా, చర్మం రంగు అందులో కొట్టుకుపోవాలి కదా మేడమ్? – స్టాఫ్ నర్సు, కరీంనగర్*

సిస్టర్ గారూ, డాక్టర్ గారు చెప్పింది నిజం. మీ సందేహం కూడా న్యాయమైనదే. కొట్టుకుపోవాలనే అందరూ అనుకున్నారు.

జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970ల మొదట్లో గుండె ఎంత నెత్తురు తోడుతుందో కొలవడానికి ఒక రంగు ద్రవం పద్ధతి మీద పనిచేస్తుండగా, నాడి కొట్టుకోవడం కొలతకి అడ్డొస్తోంది. ఆ అడ్డుని తీసేయబోయి, అసలు సమాచారం అందులోనే ఉందని గ్రహించాడు. నాడితోపాటు పెరిగి తగ్గే భాగం ధమనుల నెత్తురుదే. చర్మం, గోరు, ఎముక కదలవు. మెషిన్ వాడే వెలుగులు రెండు: 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపు, 940 ఉన్న, కంటికి కనబడని పరారుణం. ఒక్కోదాంట్లో కదిలే భాగాన్ని కదలని భాగంతో భాగించి, ఆ రెంటికీ నిష్పత్తి తీస్తే చర్మం రంగు పోతుంది, ఆక్సిజన్ మిగులుతుంది. 1974లో ఈ ఆలోచన బయటికొచ్చింది. ప్రపంచమంతా ఇంటింటికీ ఆక్సీమీటర్ కొంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన పోయారు.

ఆ నిష్పత్తి 1 వస్తే మెషిన్ దాదాపు 85 చూపిస్తుంది. 85 అని దానికెవరు చెప్పారు? వెలుగు తిన్నగా పోయేదైతే సూత్రం చెప్పేది. కానీ ఎరుపు వేలిలో ఎంత దూరం తిరిగిందో, పరారుణం ఎంత తిరిగిందో ఒకటి కాదు, మనిషి మనిషికీ ఒకటి కాదు. కాబట్టి సూత్రం పక్కన పెట్టి, ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని పిలిచి, ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, ధమని నుంచి నెత్తురు తీసి పరీక్షించి, ఏ నిష్పత్తికి ఎంత ఆక్సిజనో పట్టిక రాసుకున్నారు. మీ వార్డులో మెషిన్ చూపించే ప్రతి అంకె వెనకా ఆ మనుషులున్నారు. అమెరికాలో వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పరీక్షకి కనీసం 10 మంది చాలు. అందులో ముదురు చర్మం వాళ్లు ఇద్దరు గానీ 15 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత. పదిమందిలో ఇద్దరు!

మిషిగన్ విశ్వవిద్యాలయ డాక్టర్లు 2020 డిసెంబరులో ప్రచురించిన అధ్యయనంలో, ఆక్సీమీటర్ 92 నుంచి 96 దాకా చూపించినా నెత్తురు పరీక్షలో 88 కన్నా తక్కువ వచ్చినవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. ఈ హెచ్చరిక 1990లోనే ఒకసారి వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదంటే నాకు కోపమొస్తుంది సిస్టర్ గారూ, దాచుకోను.

2021 మే నెల. మా అమ్మ అమలాపురం దగ్గర మా పల్లెలో ఉంది. అమ్మది మంచి నలుపు. కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్లు కట్టి కట్టి వేళ్ల కొసలు గట్టిపడిపోయిన చేతులు. వీడియో కాల్‌లో తమ్ముడు ఆక్సీమీటర్ చూపించాడు, 94. “ఫర్వాలేదక్కా, 94 ఉంది” అన్నాడు. నేను అమ్మ భుజాలు చూశాను. ఊపిరికి ఎగిరెగిరి పడుతున్నాయి. గడియారం పెట్టి లెక్కపెట్టమంటే నిమిషానికి 30. అంకెని వదిలేసి బయల్దేరండి అన్నాను. ఆస్పత్రిలో నెత్తురు తీసి చూస్తే 87. అమ్మ బతికింది. ఇప్పుడు నా పక్క గదిలోనే పడుకుని ఉంది. ఆ ఏడు అంకెల తేడా చర్మం రంగువల్లే అని నేను రుజువు చేయలేను. వేళ్లు చల్లబడి ఉండొచ్చు, చెయ్యి వణికి ఉండొచ్చు. కానీ సిమ్యులేషన్‌లో చర్మానికి ఏ అంకె పెడుతున్నానో ఆ రోజు నుంచే చూసుకోవడం మొదలుపెట్టాను.

పై చర్మంలో, రంగునిచ్చే పదార్థమైన మెలనిన్ వాటా తెల్లటి చర్మానికి 1 నుంచి 6 శాతం, ముదురు చర్మానికి 18 నుంచి 43 శాతం దాకా పెట్టడం మా రంగంలో వాడుక. అంతకుముందు నా ప్రోగ్రామ్‌లో ఉన్నది 3. నేను పెట్టింది కాదు, ఎక్కడినుంచో దించుకున్న ఫైలులో అలా ఉంది, అలాగే వదిలేశాను. నా వేలు దాంట్లో లేదు, అమ్మ వేలు అసలే లేదు.

ఇక మీ ప్రశ్న, ఎందుకు కొట్టుకుపోదని. మెలనిన్ పరారుణం కన్నా ఎరుపుని ఎక్కువ మింగుతుంది. ఆక్సీమీటర్‌లోని ఎల్‌ఈడీ ఒక్క 660 దగ్గరే వెలగదు, అటూ ఇటూ కొంత పరుచుకుని ఉంటుంది. అందులో పొట్టి తరంగాల వైపు మెలనిన్ ఎక్కువ కోస్తుంది కాబట్టి, లోపలికి దిగే ఎరుపు మెషిన్ అనుకున్న ఎరుపు కాదు. పైగా చేరే వెలుగు తగ్గేకొద్దీ నాడి అల చిన్నదై, చెయ్యి చల్లగా ఉన్నా కదిలినా వచ్చే గందరగోళం దానికి దీటుగా నిలుస్తుంది. వీటిలో దేని వాటా ఎంతో తేల్చడానికే ఇప్పుడు సిమ్యులేషన్లు నడుస్తున్నాయి. మనిషిలో మెలనిన్ ఒక్కటే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూడలేం, కంప్యూటర్లో చూడగలం. ఎఫ్‌డీఏ కూడా 2025 జనవరిలో కొత్త ముసాయిదా తెచ్చి, పరీక్షలో ఎక్కువమంది, అన్ని రంగుల చర్మాలవాళ్లు ఉండాలంది.

వార్డులో మీరు చేయగలిగింది ఉంది. అంకెతోపాటు నాడి అల నిలకడగా ఉందో లేదో చూడండి. చల్లటి చెయ్యి వెచ్చబడ్డాక మళ్లీ పెట్టండి. ఒక్క అంకె కన్నా, పొద్దుటి నుంచి ఎటు జరుగుతోందన్నది ముఖ్యం. ఊపిరి లెక్కా అంకె రెండూ పొసగకపోతే ఊపిరినే నమ్మి డాక్టర్ గారికి చెప్పండి.

హనుమకొండ బాబూ, ఇది నువ్వూ చదువు. నీ ప్రాజెక్టులో మెలనిన్ 3 శాతంతో ఒకసారి, 30తో ఒకసారి నడుపు. రెండు గ్రాఫులూ ఒకే పేజీలో వెయ్యి.

*చేతి మీద నరాలు నీలంగా కనిపిస్తాయేం? వాటిలో నెత్తురు నీలమా? – పాఠకుడు, అనంతపురం*

కాదండీ, ముదురు ఎరుపే. నీలం వెలుగు చర్మంలోకి లోతుగా దిగలేదు, సిర (మీరు నరమన్నది) దాకా పోకముందే చాలావరకు తిరిగొచ్చేస్తుంది. ఎరుపు అక్కడిదాకా దిగుతుంది, దిగినదాంట్లో కొంత సిరలోని నెత్తురు మింగుతుంది. అందుకని చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే సిర పైనుంచి వచ్చే వెలుగులో ఎరుపు తక్కువ. కన్ను ఆ తేడానే నీలం అనుకుంటుంది. కీన్లే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులూ 1996లో దీన్ని కొలిచీ, మాంటే కార్లోతో లెక్క కట్టీ చూపించారు.

*వచ్చే వారం మా అమ్మాయికి చిన్న ఆపరేషన్. ఆషాఢం కదా, పది వేళ్లకీ గోరింటాకు పెట్టుకుంది. ఆక్సీమీటర్‌కి అడ్డమా? – గృహిణి, మచిలీపట్నం*

ఆకు రుబ్బి పెట్టిన గోరింటాకైతే కంగారు పడకండి. ఆ రంగు నారింజ ఎరుపు. అది మింగేది ముఖ్యంగా నీలం వైపు వెలుగుని, ఆక్సీమీటర్ వాడే ఎరుపునీ పరారుణాన్నీ పోనిస్తుంది. నల్లగా పండే కోన్ పెట్టి ఉంటే మాత్రం జాగ్రత్త, అందులో కలిపే రంగు ఎరుపుని కూడా ఆపేయొచ్చు. నల్లది, నీలంది, ఆకుపచ్చది నెయిల్ పాలిష్ ఉంటే ఇంట్లోనే తుడిపించి తీసుకెళ్లండి. ఏది పెట్టుకున్నా మత్తు డాక్టర్ గారికి ముందే చెప్పండి. కాలి వేలికో, చెవికి పెట్టే క్లిప్పుతో చెవి తమ్మెకో పెడతారు. గోరింటాకు గీకి తీయాలని మాత్రం అమ్మాయిని బాధపెట్టకండి.